తోటివాళ్లతో పని: మీ ఉత్తరాలు, సిస్టరమ్మ జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే బాధ. పని కష్టంగా ఉందని ఎవరూ రాయలేదు. పక్కవాళ్లతో పడలేకపోతున్నామని రాశారు. మన విశాఖ చుట్టూ, పరవాడ నుంచి మధురవాడ దాకా ఇదే మాట. నేను ఆసుపత్రి వార్డుల్లో ఉద్యోగం చేసి రిటైరైనదాన్ని. నాకు తెలిసిన లోకం రోగులు, వాళ్ల బంధువులు, డాక్టర్లు, నర్సులు, ఆయాలు. అక్కడ చూసినదీ, తర్వాత చదువుకున్నదీ కలిపి జవాబులు రాస్తున్నాను. మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటు ఇచ్చాను. అది ప్రాణాలతో ముడిపడిన విషయం.

ప్రశ్న: సిస్టర్ గారూ, పరవాడ ఫార్మాసిటీలో ఒక కంపెనీలో షిఫ్ట్ ఇన్‌ఛార్జిగా చేస్తున్నాను. నా కింద ఆపరేటర్లు, హెల్పర్లు కలిపి పదిహేను మంది. పనిలో నేను స్ట్రిక్ట్. తప్పు కనిపిస్తే అక్కడికక్కడే అరిచేస్తాను, పది నిమిషాల్లో మర్చిపోతాను. కడుపులో ఏమీ పెట్టుకోను. మొన్న నైట్ షిఫ్ట్‌లో, రసాయనాలు కలిపే రియాక్టర్ దగ్గరికి ఒక డ్రమ్ము బదులు ఇంకో డ్రమ్ము తెచ్చి పెట్టారు. ఛార్జింగ్‌కి, అంటే సరుకు రియాక్టర్‌లో వెయ్యడానికి ముందు లేబుల్ నేను చూశాను కాబట్టి సరిపోయింది. తర్వాత తెలిసిందేమిటంటే, ఒక హెల్పర్‌కి ముందే అనుమానం వచ్చిందట. 'సార్ తిడతారని చెప్పలేదు' అన్నాడు. మా మేనేజర్ నన్ను పిలిచి, నీకు ఎమోషనల్ ఇంటెలిజెన్స్ (భావోద్వేగాల తెలివి) లేదు, ట్రైనింగ్‌కి పంపిస్తానన్నారు. తియ్యగా మాట్లాడితే ఫ్యాక్టరీలో పని జరుగుతుందా, మీరే చెప్పండి.
(షిఫ్ట్ ఇన్‌ఛార్జి, కూర్మన్నపాలెం)

జవాబు: బాబూ, తియ్యగా మాట్లాడమని నేను చెప్పను. మీ ఉత్తరంలో నన్ను ఆపేసిన మాట మీది కాదు, ఆ హెల్పర్‌ది. 'సార్ తిడతారని చెప్పలేదు.' రియాక్టర్ పక్కన నిలబడే మనిషి ఆ మాట అన్నాడంటే, ఆ షిఫ్ట్‌లో లేబుల్ చూడగలిగిన కళ్లు పదిహేను జతలున్నా పనిచేస్తున్నవి మీ రెండు కళ్లే.

కడుపులో ఏమీ పెట్టుకోనంటున్నారు. నమ్ముతాను. మనవైపు పెద్దవాళ్లలో చాలామంది ఇలాగే ఉంటారు, వాళ్లలో మంచివాళ్లే ఎక్కువ. కానీ మీరు కడుపులో పెట్టుకోనిది అతను పెట్టుకుంటాడు. బహుశా కాంట్రాక్ట్ మనిషి అయ్యుంటాడు. రేపట్నుంచి రావద్దంటే అడిగే దిక్కుండదు. నలుగురి ముందు తిట్లు తిన్న సంగతి, ఆ నలుగురిలో తన ఊరివాడు ఒకడున్న సంగతి అతనికి పది నిమిషాల్లో పోదు. అందుకే ఈసారి అనుమానం వచ్చినప్పుడు లోపల ఒక లెక్క వేసుకుంటాడు. చెప్పి, అది తప్పయితే తిట్లు ఖాయం. చెప్పకపోతే ఇంకెవరో చూసుకుంటారు. ఇందులో బద్ధకం లేదు, బాధ్యత లేకపోవడమూ కాదు. మీరైనా ఆ చోట ఉంటే అదే లెక్క వేస్తారు.

ఈ లెక్క ఎంత దూరం పోతుందో విమానాలవాళ్లు ప్రాణాలు పోగొట్టుకుని తెలుసుకున్నారు. 1977 మార్చి 27న, కానరీ దీవుల్లోని టెనెరిఫే విమానాశ్రయంలో రన్‌వే మీదే రెండు జంబో జెట్లు గుద్దుకుని 583 మంది చనిపోయారు. పొగమంచు కమ్మేసి ఉంది. రేడియోలో ఒకరి మాట మీద ఇంకొకరి మాట పడి ముఖ్యమైన ముక్క వినపడలేదు. కారణాలు ఒకటి కాదు, చాలా. అయితే టేకాఫ్ మొదలుపెట్టిన డచ్ విమానం కాక్‌పిట్‌లో ఉన్న ఫ్లైట్ ఇంజినీరుకి అనుమానం వచ్చింది, అవతలి విమానం ఇంకా రన్‌వే ఖాళీ చెయ్యలేదేమోనని. అడిగాడు కూడా. కెప్టెన్ చాలా సీనియర్, మిగతా పైలట్లకి శిక్షణ ఇచ్చే స్థాయి మనిషి. ఖాళీ అయిందని గట్టిగా చెప్పేశాడు. అంతటి మనిషి అలా అన్నాక ఇంజినీరు మళ్లీ అడగలేదు. కొన్ని సెకన్లలో అంతా అయిపోయింది. తర్వాత 1979లో నాసా ఒక సదస్సు పెట్టింది. చిన్నవాళ్లు పెద్దవాళ్లకి ఎలా చెప్పాలి, పెద్దవాళ్లు ఎలా వినాలి అన్నది పైలట్లకి పాఠంగా చెప్పడం అక్కణ్ణుంచే మొదలైంది. ఇప్పుడు మన ఎయిర్‌పోర్టులో దిగే విమానాల పైలట్లు కూడా ఆ పాఠం చదువుకున్నవాళ్లే. మీ మేనేజర్ పంపిస్తానన్న ట్రైనింగ్‌ని శిక్షగా తీసుకోకండి. వెళ్లండి.

మా రంగంలో ఇంకో సంగతి బయటపడింది. 1990ల్లో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆసుపత్రి వార్డుల్లో మందుల పొరపాట్ల మీద పరిశీలన చేసింది. బాగా కలిసి పనిచేసే వార్డుల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయనుకుంది. లెక్కలు తిరగబడ్డాయి. ఆ వార్డుల్లోనే ఎక్కువ నమోదయ్యాయి. తరచి చూస్తే అర్థమైంది, ఆ వార్డుల్లో పొరపాటు జరిగితే నర్సులు పైకి చెబుతున్నారు, మిగతాచోట్ల దాచేస్తున్నారు. మీ లాగ్‌బుక్‌లో నెల మొత్తం ఒక్క పొరపాటూ రాసి లేకపోతే సంతోషించకండి బాబూ. భయపడండి.

నేను పనిచేసిన వార్డులో కళ్లారా చూసింది ఒకటి చెప్తాను. పొటాషియం క్లోరైడ్ అని ఒక మందుంది. సెలైన్‌లో బాగా పలచన చేసి నెమ్మదిగా ఎక్కించాలి. నేరుగా నరంలోకి పోతే గుండె ఆగిపోతుంది. దాని ఆంప్యూలూ (చిన్న గాజు సీసా), డిస్టిల్డ్ వాటర్ ఆంప్యూలూ పక్కపక్కన ఉంటే రాత్రిపూట వార్డు వెలుతురులో తేడా పట్టడం కష్టం. ఒక స్టూడెంట్ నర్సు యాంటీబయాటిక్ పొడి కలపడానికి నీళ్లనుకుని పొటాషియం ఆంప్యూల్ విరిచింది. సిరంజిలోకి లాగాక, చేతిలో మిగిలిన గాజు ముక్క మీద పేరు చదివింది. వణుక్కుంటూ మా హెడ్ సిస్టర్ దగ్గరికొచ్చింది. పేషెంటుకి ఇంకా ఇవ్వలేదు. సిస్టర్ ముందు ఆ సిరంజి తన చేతిలోకి తీసుకుని ట్రేలో విడిగా పెట్టింది. 'కూర్చో' అంది. ఆయాతో మంచినీళ్లు తెప్పించింది. తర్వాత అంది, 'ఇవ్వకముందే చదివావు. వచ్చి చెప్పావు. రెండూ సరైన పనులే. ఇప్పుడు ఎక్కణ్ణుంచి తీశావో చూపించు.' ఇద్దరూ వెళ్లి చూస్తే రెండు రకాల ఆంప్యూళ్లూ ఒకే గడిలో కలిసి ఉన్నాయి. ఆ రాత్రే పొటాషియం మొత్తం ఏరి తాళం వేసే అలమరాలోకి మార్చేశారు. ఆ పిల్ల భయపడి సిరంజి సింకులో పారబోసి ఊరుకుని ఉంటే ఆ గడి అలాగే ఉండేది, ఇంకో రాత్రి ఇంకో పిల్ల చెయ్యి అందులోకే పోయేది. గాఢమైన పొటాషియం మందుని వార్డుల్లో ఉంచొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది కూడా ఇందుకే.

మా హెడ్ సిస్టర్‌ది మెత్తని స్వభావం కాదు. చేతులు కడుక్కోకుండా డ్రెస్సింగ్‌కి వస్తే ఎంత పెద్ద డాక్టరునైనా గుమ్మంలోనే నిలబెట్టేసేది. ఆ రాత్రి ఆవిడకి కోపం రాలేదని కాదు, వచ్చింది, ముఖం చూస్తే తెలిసింది. ఆ కోపాన్ని పిల్ల మీదికి పోనివ్వకుండా గడి మీదికి తిప్పింది. మీ మేనేజర్ అన్న ఎమోషనల్ ఇంటెలిజెన్స్ నేను చూసినంతలో ఇదే.

ఇప్పుడు మీరు చెయ్యాల్సింది. ఆ హెల్పర్‌ని పిలవండి, కానీ ఆఫీసు గదిలోకి కాదు, డ్రమ్ములున్న చోటికే. 'మొన్న నీకు అనుమానం వచ్చిందన్నావు కదా, ఏం చూసి వచ్చింది?' అని అడగండి. అడిగి ఆగండి. మధ్యలో అందుకోవద్దు. అతను మొదట 'ఏటీ లేదు సార్' అంటాడు. ఇంకోసారి అడగండి. లేబుల్ రంగో, సీలో, డ్రమ్ము బరువో, ఏదో ఒకటి చెప్తాడు. రోజూ ఆ డ్రమ్ములు దొర్లించేది అతనే కాబట్టి మీకు తెలియనిది అతని చేతులకి తెలుసు. అతను చెప్పినదాన్లో ఒక్కటైనా ఆ వారంలోనే మార్చండి. 'ఇది ఫలానావాడు చెప్తే మార్చాం' అని షిఫ్ట్ మీటింగ్‌లో అందరి ముందూ చెప్పండి. తిట్టడం అందరి ముందూ జరిగింది కాబట్టి ఇది కూడా అందరి ముందే జరగాలి.

ఛార్జింగ్‌కి ముందు లేబుల్ ఒకరు పైకి చదవాలి, రెండోవాళ్లు దాన్ని తిరిగి చెప్పాలి. ఇది చిన్నతనం అనుకోవద్దు. మన డాల్ఫిన్ నోస్ కొండ పక్కనుంచి సన్నటి కాలువలోకి ఓడ వస్తున్నప్పుడు, ఓడకి దారి చూపించే పైలట్ చుక్కాని ఎటు తిప్పాలో చెప్తే, చుక్కాని పట్టుకున్నవాడు అదే మాట పైకి తిరిగి చెప్పి అప్పుడు తిప్పుతాడు. తిప్పాక మళ్లీ చెప్తాడు. మా అన్నయ్య టగ్గు మీద పనిచేసేవాడు, ఇంట్లో అన్నం వడ్డిస్తున్నప్పుడు కూడా వదిన మాటని తిరిగి చెప్పే అలవాటు ఉండేది ఆయనకి. అందులో ఎవరూ ఎవరినీ నమ్మకపోవడం లేదు. పెద్దవాడి మాటలో తప్పుంటే చిన్నవాడి నోటి మీదుగా అది బయటికి వినపడుతుంది, అంతే.

మీ కోపం గురించి కూడా ఒక మాట. తప్పు డ్రమ్ము చూడగానే మీకు మొదట వచ్చింది కోపం కాదని నా నమ్మకం. భయం. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి స్టైరిన్ అనే రసాయనం ఆవిరి ఇళ్లలోకి వచ్చి, జనం నిద్రలోంచి లేచి పరిగెత్తి రోడ్ల మీద పడిపోయిన ఊరు మనది. ఈ ఊళ్లో రసాయనాల దగ్గర పనిచేసే ఏ మనిషికైనా ఆ భయం ఉండాలి. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పండి. 'ఆ డ్రమ్ము చూసి నాకు గుండె జారిపోయింది' అంటే పదిహేను మందీ వింటారు. 'కళ్లు దొబ్బాయా' అంటే తల దించుకుంటారు, వినరు.

వాల్వ్ లీకవుతుంటే మాత్రం అరవండి. 'తప్పుకో, బయటికి పద' అని గొంతు చించుకుని అరవండి. ప్రమాదం మీద అరిచే అరుపుకి ఎవరూ మనసు కష్టపెట్టుకోరు.

ప్రశ్న: ఆంటీ, నాకు 24 ఏళ్లు. రుషికొండ ఐటీ హిల్ మీద ఒక ఆఫీసులో చేస్తున్నాను. మా టీమ్ లీడ్ చాట్‌లో రెండు ముక్కల్లో రాస్తారు. 'మళ్లీ చెయ్యి', 'ఎందుకు లేట్', అంతే. అది చూడగానే చేతులు చల్లబడిపోతాయి. వాష్‌రూమ్‌లోకి వెళ్లి ఏడ్చి వస్తాను. ఒకసారి కళ్లు ఎర్రగా ఉండటం చూసి 'నువ్వు మరీ సెన్సిటివ్' అన్నారు. ముఖంలో ఏమీ కనిపించనివ్వకుండా ఉండటం ఎలా నేర్చుకోవాలో చెప్పండి.
(మధురవాడ)

జవాబు: అమ్మాయ్, అది నేర్చుకోవద్దు. అదొక్కటి వద్దు.

లోపల ఉడికిపోతూ పైకి ఏమీ లేనట్టు ఉండటం మీద మనస్తత్వ శాస్త్రవేత్తలు చాలాకాలంగా పరిశీలనలు చేస్తున్నారు. 2003లో వచ్చిన ఒక పరిశీలనలో, ఒకరికొకరు తెలియని ఆడవాళ్లని జంటలుగా కూర్చోబెట్టి, మనసు కలచివేసే సినిమా చూపించి, దాని గురించి మాట్లాడుకోమన్నారు. కొన్ని జంటల్లో ఒకరికి మాత్రం రహస్యంగా చెప్పారు, నీ ముఖంలో ఏదీ కనిపించకూడదని. అలా దాచుకున్నవాళ్లతో మాట్లాడిన అవతలి మనిషికి, ఏమీ తెలియకపోయినా, రక్తపోటు పెరిగింది. ఆ మనిషితో స్నేహం చెయ్యాలనే ఇష్టం కూడా తగ్గింది. నువ్వు రాతిముఖం పెట్టుకుంటే మీ లీడ్‌కీ నీకూ మధ్య దూరం ఇంకా పెరుగుతుంది, నీకు పనిలో ధ్యాస కూడా తగ్గుతుంది.

దాని బదులు ఏడుపొచ్చినప్పుడు నిన్ను నువ్వు అడుగు, ఇది ఏమిటని. 'బాధగా ఉంది' దగ్గర ఆగిపోకు. అవమానమా? ఉద్యోగం పోతుందన్న భయమా? రాత్రి ఒంటిగంట దాకా కూర్చుని చేసినదాన్ని ఒక్క ముక్కతో కొట్టేశారన్న ఉక్రోషమా? ఒట్టి అలసటా? ఫోన్‌లో నోట్స్ తెరిచి ఆ పేరు రాసి పెట్టు. మనసులో కదిలేదానికి మాటల్లో పేరు పెడితే మెదడులో భయానికి సంబంధించిన అమిగ్డలా అనే భాగం కాస్త నెమ్మదిస్తుందని 2007లో మాథ్యూ లీబర్‌మన్ బృందం మెదడు స్కాన్లతో చూపించింది. పేరు తెలిస్తే చెయ్యాల్సిన పని కూడా తెలుస్తుంది. అలసటయితే నిద్ర కావాలి. భయమైతే నిజంగా ఉద్యోగానికి ముప్పుందో లేదో అడిగి తెలుసుకోవాలి. అవమానమైతే చెప్పాలి.

ఇంకో పని చెయ్యి. ఆయన పంపే ముక్కలు నీకొక్కదానికేనా, టీమ్‌లో అందరికీ అలాగేనా చూడు. చాట్‌లో ముఖం ఉండదు, గొంతు ఉండదు. 'మళ్లీ చెయ్యి' అన్న రెండు మాటలకి కోపం గొంతు తగిలించింది ఆయనా, నువ్వా అన్నది తెలియాలంటే ఎదురుగా మాట్లాడాల్సిందే. మధ్యాహ్నం భోజనాలయ్యాక మనుషులు కాస్త నెమ్మదిగా ఉంటారు. అప్పుడు వెళ్లి, 'సార్, నిన్నటి పనిలో ఏ భాగం మార్చాలో చూపిస్తే సాయంత్రానికి ఇచ్చేస్తాను. ఒట్టిగా మళ్లీ చెయ్యమంటే ఎక్కడ తప్పో తెలియక టెన్షన్ పడి ఇంకా లేటవుతోంది' అని చెప్పు. ఈ మాటల్లో ఫిర్యాదు లేదు, బతిమాలడమూ లేదు. పని జరగాలంటే ఏం కావాలో చెప్పడం ఉంది. చెప్పేటప్పుడు గొంతు వణికితే వణకనియ్యి. ఆగి, ఊపిరి తీసుకుని, వాక్యం పూర్తి చెయ్యి. సగంలో వదిలేసి రావద్దు.

ఆయనకి పై నుంచి ఒత్తిడి ఉండొచ్చు. అవతలి దేశం క్లయింటు మన అర్ధరాత్రి ఫోన్ చేస్తుండొచ్చు. అది అర్థం చేసుకుంటే నీకు భయం తగ్గుతుంది కాబట్టి అర్థం చేసుకో. ఆయన్ని క్షమించేయడం కోసం మాత్రం కాదు. రెండుమూడుసార్లు ఎదురుగా చెప్పినా ఏ మార్పూ లేకపోతే, తేదీలతో సహా రాసిపెట్టుకుని హెచ్‌ఆర్ దగ్గరికి వెళ్లు. ఇంటికొచ్చాక కూడా ఏడుపు ఆగకపోయినా, నిద్ర పట్టకపోయినా 14416కి ఫోన్ చెయ్యి. టెలిమానస్ అని ప్రభుత్వ సేవ. తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అడగరు.

నువ్వు సెన్సిటివ్ అన్నారు కదా. రోగి మూలుగులో తేడా పట్టేది అలాంటి పిల్లలే. వార్డులో నాకు అలాంటివాళ్లే కావాల్సొచ్చేవారు.

ప్రశ్న: అమ్మా, మా అబ్బాయి ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం. క్యాంపస్ ఇంటర్వ్యూల్లో ఈ భావోద్వేగాల తెలివి గురించి కూడా అడుగుతున్నారట. వాడు ఫోన్‌లో ఏదో క్విజ్ చేసి తక్కువ మార్కులొచ్చాయని దిగులుగా ఉన్నాడు. ఇది పుట్టుకతో వచ్చేదా, నేర్చుకుంటే వచ్చేదా?
(ఒక తండ్రి, కంచరపాలెం)

జవాబు: ఆ క్విజ్ సంగతి మర్చిపొమ్మనండి. నాకు కోపం తక్కువ, నేను అందరినీ అర్థం చేసుకుంటాను అని మనకి మనం మార్కులు వేసుకోవడం అది. తక్కువొచ్చిందంటే మీవాడు నిజాయితీగా టిక్కులు పెట్టాడని నేను అనుకుంటాను.

1990లో పీటర్ సాలొవే, జాన్ మేయర్ అనే ఇద్దరు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని ఒక సామర్థ్యంగా వివరించారు. తర్వాత నాలుగు భాగాలు చేశారు. ఎదుటివాళ్లలో, మనలో ఏం కదులుతోందో గమనించడం. దాన్ని ఆలోచనకి సాయంగా వాడుకోవడం. అది ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎటు పోతుంది అని అర్థం చేసుకోవడం. చివరికి దాన్ని నడిపించుకోవడం. కొందరికి పుట్టుకతోనే కొంత ఎక్కువ ఉంటుంది, కానీ మిగతావాళ్లు నేర్చుకోలేనిదేమీ కాదు. మా వార్డులో చేరినప్పుడు రోగి ముఖం చూడకుండా చార్టు మాత్రమే చూసే పిల్లలు, రెండేళ్లు తిరిగేసరికి గుమ్మంలోంచే 'ఆ మూడో బెడ్ తాతకి ఏదో బాలేదు సిస్టర్' అనేవారు.

మీవాడిని ఆదివారం పూర్ణా మార్కెట్‌కి కూరగాయలకి పంపండి. బేరం ఆడుతున్నప్పుడు కొట్టు ఆవిడ ముఖం ఏ మాటకి మారిందో ఇంటికొచ్చి చెప్పమనండి. ఇంటర్వ్యూలో అడిగితే మాత్రం అరువు మాటలు చెప్పొద్దనండి. ప్రాజెక్టు చేసేటప్పుడు బ్యాచ్‌లో ఎవరితోనో గొడవ అయ్యే ఉంటుంది. అది ఎలా మొదలైందో, తను ఏమన్నాడో, ఎలా తేలిందో ఉన్నదున్నట్టు చెప్తే చాలు.

ప్రశ్న: సిస్టరమ్మా, జగదాంబ దగ్గర చీరల షాపులో సేల్స్‌లో ఉన్నాను. పొద్దున్న పది నుంచి రాత్రి తొమ్మిది దాకా నవ్వుతూనే ఉండాలి. యాభై చీరలు విప్పించుకుని 'ఇంకో షాపు చూస్తాం' అని లేచిపోయినా నవ్వాలి. లేకపోతే ఓనరు సీసీ కెమెరాలో చూసి పిలుస్తారు. ఇంటికెళ్లేసరికి పిల్లలు ఏం అడిగినా కసురుకుంటున్నాను. వాళ్లు నా దగ్గరికి రావడం తగ్గించేశారు. నా మనసు ఎందుకిలా అయిపోయింది?
(అల్లిపురం)

జవాబు: అమ్మా, నీ మనసు ఏమీ అయిపోలేదు. పొద్దుటి నుంచి చేసిన చాకిరీలో నవ్వడం కూడా ఒక చాకిరీ. చీర మడత పెట్టడానికి చెయ్యి నొప్పెట్టినట్టే నవ్వడానికి మనసు నొప్పెడుతుంది. దీన్ని పనిగా లెక్కపెట్టాలని 1983లోనే ఆర్లీ హోక్‌షిల్డ్ అనే సామాజిక శాస్త్రవేత్త రాసింది. విమానాల్లో పనిచేసే ఎయిర్‌హోస్టెస్‌లని దగ్గరగా చూసి రాసింది. జీతం లెక్కలో ఆ పని కనపడదు. ఇంటికి మాత్రం మనతోనే వస్తుంది.

దానికి తోడు కాళ్లు. నువ్వు రాయలేదు గానీ, పదకొండు గంటల్లో ఎంతసేపు కూర్చోనిస్తారో నేను ఊహించగలను. అరికాళ్లు మండుతున్న మనిషిని ఓర్పుగా ఉండమనడం అన్యాయం. షాపుల్లో పనిచేసేవాళ్లకి కూర్చునే వీలు కల్పించాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టం తెచ్చాయి. కేరళలో సేల్స్ అమ్మాయిలు గట్టిగా అడిగితేనే వచ్చింది అది. మీ ఓనరుని మీరు నలుగురైదుగురు కలిసి అడగండి. కస్టమర్లు లేని టైంలో కూర్చోవడానికి రెండు స్టూళ్లు. ఒక్కదానివే వెళ్లకు. 'కాళ్లు నొప్పులు లేకపోతే సాయంత్రం గిరాకీ టైంలో బాగా చూపించగలం సార్' అని చెప్పండి. అది నిజం కూడా.

కస్టమరు కొనకుండా లేచిపోయినప్పుడు, చీరలు మడత పెట్టే ఆ రెండు నిమిషాలు ముఖాన్ని వదిలెయ్యి. తల దించుకుని మడత పెడుతుంటే ఎవరూ చూడరు, కెమెరాకీ తెలియదు. పక్కనున్న అమ్మాయితో 'ఈవిడ నన్ను చంపేసింది' అని చెప్పుకో. ఒకరికొకరు చెప్పుకునే షాపులో మనుషులు ఎక్కువకాలం నిలబడతారు.

పిల్లల విషయంలో దాపరికం వద్దు. ఇంట్లో అడుగు పెట్టగానే, 'అమ్మ కాళ్లు కడుక్కుని టీ తాగేదాకా ఎవరూ ఏమీ అడగొద్దు, తర్వాత నేనే పిలుస్తాను' అని చెప్పు. పిలవడం మాత్రం మర్చిపోకు. అమ్మకి కోపం తమ మీద కాదని పిల్లలకి మాటల్లో చెప్తేనే తెలుస్తుంది. వాళ్లంతట వాళ్లు అలా అనుకోరు, తామే ఏదో తప్పు చేశామనుకుంటారు. ఈ రాత్రే చెప్పు.

ప్రశ్న: మేడమ్, గాజువాకలో ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. మొత్తం ఏడుగురం. మా ఓనరు బిల్లులు చూసే వంకతో వెనక నిలబడి భుజం మీద చెయ్యి వేస్తాడు. రాత్రిళ్లు ఫోన్‌కి అసభ్యమైన జోకులు పంపుతాడు. నాకు నచ్చదని చెప్పాను. 'అందరితో కలిసిపోవడం తెలియదా' అంటాడు. నేనే తెలివిగా సర్దుకుపోవాలా?
(పేరు వద్దన్నారు)

జవాబు: వద్దు. సర్దుకుపోవద్దు. మిగతా ఉత్తరాలకి చెప్పినదేదీ మీకు వర్తించదు. అతని మనసు అర్థం చేసుకోవాల్సిన పని మీకు లేదు. మీకు అసహ్యం వేసింది, ఆ అసహ్యం మీకు సరిగ్గానే చెబుతోంది.

ఇది 2013 చట్టం కింద పని చోట లైంగిక వేధింపు. పదిమంది, అంతకంటే ఎక్కువమంది ఉన్నచోట యజమాని లోపలి కమిటీ వెయ్యాలి. మీ ఆఫీసులో పదిమంది లేరు, పైగా ఫిర్యాదు యజమాని మీదే. కాబట్టి మీరు వెళ్లాల్సింది జిల్లా స్థాయి స్థానిక కమిటీ దగ్గరికి. కలెక్టరేట్‌లో అడిగితే ఎవరికివ్వాలో చెప్తారు. చివరిసారి జరిగిన రోజు నుంచి మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆలస్యానికి తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు గడువు ఇవ్వగలదు. విచారణ 90 రోజుల్లో పూర్తి చెయ్యాలని చట్టంలోనే ఉంది. ఎవరితోనైనా ముందు మాట్లాడాలనిపిస్తే 181 మహిళల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చెయ్యండి.

అతను పంపిన మెసేజీలు ఒక్కటి కూడా డిలీట్ చెయ్యొద్దు. చూడటానికి ఎంత రోతగా ఉన్నా ఉంచండి. స్క్రీన్‌షాట్లు తీసి, మీరు నమ్మే మనిషి ఫోన్‌కి ఈ రోజే పంపించండి. భుజం మీద చెయ్యి వేసిన రోజులు గుర్తున్నంతవరకు తేదీ, టైము, పక్కన ఎవరున్నారు అన్నవి ఒక కాగితం మీద రాయండి. ఫిర్యాదు ఆరు కాపీలు ఇవ్వాలి. ఏడోది చేయించి, ఇచ్చినట్టు దాని మీద సంతకం, తేదీ వేయించుకుని మీ దగ్గర ఉంచుకోండి.